పొద్దుటి మంచి మాట

లాండ్రీలో ఇస్త్రీ రోలరు ముందు ఇద్దరు నిలబడాలి. తడి దుప్పటికి చెరో మూల పట్టుకుని, బిగించి, ఇద్దరూ ఒక్కసారే బెల్టు మీదికి వదలాలి. ఒకరు ముందు వదిలితే దుప్పటి వంకర పోతుంది. వంకర పోయిన దుప్పటి మీద రోలరు ముడత వేస్తుంది. ఆ ముడత మళ్ళీ ఉతికితే గాని పోదు. అందుకని రోలరు మూతి దగ్గర ఎవరిని పడితే వాళ్ళని నిలబెట్టరు.

ఆ లాండ్రీలో అక్కడ నిలబడేది ఇద్దరు తోడికోడళ్ళు. ఒకే ఇంట్లో చెరో వాటాలో ఉంటారు. ఒకే బస్సులో వస్తారు. అత్తగారు పోయినప్పటి నుంచి మాటల్లేవు. మంచాన పడ్డ అత్తగారిని చూసింది పెద్దకోడలు. పోయిన రోజు చుట్టాలందరి ముందూ, "సరిగ్గా చూసి ఉంటే ఇంకా బతికేది" అన్నది చిన్నకోడలు. పెద్దకోడలు ఆ రోజు బదులు చెప్పలేదు. ఆ తర్వాత ఆమెతో అసలు నోరు విప్పలేదు.

దానివల్ల పనికేమీ ఇబ్బంది రాలేదు. రోలరు మోతలో ఎలాగూ మాటలు వినపడవు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే, పక్కన దుప్పట్లు మడతపెట్టే ఆవిడతో చెప్పించేవాళ్ళు. ఆవిడని అందరూ పిన్ని అంటారు.

"పిన్నీ, మూల గట్టిగా పట్టుకోమను."

"నీ పక్కనే ఉందిగా, వినే ఉంటుందిలే," అనేది పిన్ని. మధ్యవర్తిత్వం ఆవిడకి ఇష్టమే.

కొత్త మేనేజరు వచ్చాక ఈ పద్ధతి చెడింది.

అతన్ని హెడ్డాఫీసు ఒక పని మీద పంపింది. ఆ లాండ్రీలో జనం నిలవడం లేదు. పని నేర్చుకున్నవాళ్ళు నేర్చుకున్నట్టే మానేసి పోతున్నారు. ఉన్నవాళ్ళు ఆలస్యంగా వస్తున్నారు. బాయిలరు మొదలయ్యే వేళకి షెడ్డులో సగం మంది కూడా ఉండరు. ఇది మారకపోతే లాండ్రీ మూసేస్తామని హెడ్డాఫీసు చెప్పింది. మొదటి రోజే అందరినీ పిలిచి ఆ సంగతి దాచకుండా చెప్పాడు. చెప్పి, తన ఆలోచన కూడా చెప్పాడు.

"పని ఎక్కువై ఎవరూ మానెయ్యరు. చేసిన పనిని మెచ్చుకునే దిక్కు లేక మానేస్తారు. రేపట్నుంచి పొద్దున్నే అందరం గుండ్రంగా నిలబడదాం. ఎడమ పక్కన ఉన్నవాళ్ళ గురించి ఒక్కొక్కరూ ఒక మంచి మాట చెప్పాలి. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి. అంతే."

"కుడి పక్కన ఉన్నవాళ్ళని తిట్టొచ్చా సార్?" అన్నాడు బాయిలరు దగ్గర పనిచేసేవాడు.

మేనేజరు కూడా నవ్వాడు. తర్వాత రెండు నియమాలు పెట్టాడు. కలిసి పనిచేసేవాళ్ళు పక్కపక్కనే నిలబడాలి. నోరు విప్పనివాళ్ళు మెషిన్ మీద ఉండరు, మాసిన బట్టల గదిలోకి వెళ్తారు. "పక్కమనిషితో పొసగనివాళ్ళ చేతికి వేడి రోలరు ఇవ్వలేను," అన్నాడు. సాయంత్రానికి అతనికి చప్పట్ల సార్ అని పేరు స్థిరపడింది.

మాసిన బట్టల గది షెడ్డుకి వెనకవైపు ఉంది. హోటళ్ళ నుంచి, నర్సింగ్ హోముల నుంచి వచ్చిన మూటలు అక్కడ విప్పుతారు. రక్తం మరకలు వేరు, కూర మరకలు వేరు, వాంతి అంటినవి వేరు. వేరు చేశాక మందు నీళ్ళలో ముంచుతారు. పెద్దకోడలు లాండ్రీలో చేరిన కొత్తలో ఆ గదిలోనే చేసింది. మందు పడక మోచేతుల దాకా చర్మం పగిలి, అన్నం కలుపుకోవడానికి కూడా వీల్లేకపోయింది. మళ్ళీ ఆ నీళ్ళలో చేతులు పెడితే ఈసారి మానదని డాక్టరు చెప్పాడు. రోలరు మూతి దగ్గర చోటు దొరికాకే ఆమె చేతులు చేతుల్లా అయ్యాయి.

మర్నాడు గుండ్రంగా నిలబడ్డారు.

మొదట పిన్ని చెప్పింది. పిన్ని ఎడమ పక్కన సూపర్వైజరమ్మ ఉంది. "మా సూపర్వైజరమ్మకి మేమంటే ప్రాణం సార్. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కాసేపు కనపడకపోయామా, బెంగ పట్టలేక వచ్చి తలుపు బాదుతుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. సూపర్వైజరమ్మ కూడా కొట్టింది, కొట్టక తప్పలేదు.

బాయిలరువాడు వ్యాను డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు. "మా డ్రైవరు బావ వ్యానుని కన్నబిడ్డలా చూసుకుంటాడు సార్. మధ్యాహ్నం ఎండ తగలకుండా నీడలో పడుకోబెడతాడు. అది భయపడుతుందని పక్కన తనూ పడుకుంటాడు."

మళ్ళీ చప్పట్లు. ఎలా ఆడాలో అప్పటికే అందరికీ తెలిసిపోయింది. మేనేజరుకి తెలిసిందో లేదో అతని ముఖం చూసి చెప్పలేం. చప్పట్లు మాత్రం అందరికంటే ముందు కొట్టేవాడు.

చిన్నకోడలి వంతు వచ్చింది. ఆమె ఎడమ పక్కన పెద్దకోడలు ఉంది.

"మా అక్క ఓర్పు ఎవరికీ రాదు సార్. మా అత్తగారు మంచంలోంచి ఎన్నిసార్లు పిలిచినా ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కోవాలంటే ముందు పలకాలి కదా."

కొందరు నవ్వారు. పిన్ని నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. చప్పట్లు మోగాయి.

చిన్నకోడలు చోటు మారి పెద్దకోడలికి ఎడమ పక్కకి వచ్చి నిలబడింది. మేనేజరే అలా రమ్మన్నాడు, జతలు ఒకరి గురించి ఒకరు చెప్పుకోవాలని.

పెద్దకోడలు నేల చూసింది.

"చెప్పండమ్మా," అన్నాడు మేనేజరు.

ఆమె చెప్పలేదు.

"చిన్నదైనా ఫర్వాలేదు."

చెప్పలేదు. చిన్నకోడలు గోళ్ళు చూసుకుంటూ నిలబడింది. బాయిలరులో ఆవిరి పెరిగి వాల్వు కూత పెట్టింది. మేనేజరు వాచీ చూసుకుని, "ఈ వారం చివరిదాకా చూస్తాను," అన్నాడు. "అప్పటిదాకా వెనక గదిలో చెయ్యండి."

సూపర్వైజరమ్మ అతని వెనకే ఆఫీసు గదిలోకి వెళ్ళింది.

"సార్, ఆ ఇద్దరినీ విడదీస్తే దుప్పట్లు పాడవుతాయి."

"ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు ఎవరు మాట్లాడతారు మేడం?"

"వాళ్ళకి ఇంట్లో గొడవలు ఉన్నాయి."

"అందుకే చెబుతున్నాను. గొడవలు ఉన్నవాళ్ళకే ఇది కావాలి."

రోలరు దగ్గర చిన్నకోడలి పక్కన వేరే అమ్మాయిని నిలబెట్టారు. సగం దుప్పట్లు వంకర వచ్చాయి. పిన్ని వాటిని మడతపెట్టకుండా ఒక పక్కన కుప్ప పోసి, ఆ కుప్ప ఆఫీసు కిటికీలోంచి కనపడేలా జరిపింది. మేనేజరు చూశాడు. తన మాట మార్చుకోలేదు.

వారం సగం గడిచేసరికి పెద్దకోడలి వేళ్ళ సందుల్లో ఎర్రబడింది. చేతి తొడుగుల్లోకి మందు నీళ్ళు దిగుతున్నాయి. రాత్రి అన్నం స్పూనుతో తింటుంటే భర్త చూశాడు.

"ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోతుంది?"

"మీకు తెలియదా ఏం పోతుందో?"

"అందరూ సరదాకి అనుకుంటున్నారట. నువ్వూ ఏదో ఒకటి అను."

"సరదాకి అనుకుంటున్నారని మీకెవరు చెప్పారు?"

"వీధిలో అందరూ అంటున్నారు," అని ఆయన మంచినీళ్ళు తాగాడు. ఆయన తెల్లవారుజామున పాల వ్యాను తోలి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేస్తాడు. ఆమె పొద్దున్నే అన్నం డబ్బా సర్ది పెట్టి వెళ్తుంది. సాయంత్రం వచ్చేసరికి డబ్బా ఖాళీగా ఉంటుంది.

వారం చివరి రోజు పొద్దున్న పెద్దకోడలు చేతులకి గుడ్డ చుట్టుకుని గుండ్రంలో నిలబడింది. తన వంతు వచ్చేదాకా ఎవరి వైపూ చూడలేదు. వచ్చాక తలెత్తింది.

"మా తోడికోడలికి టైమంటే మహా పట్టింపు సార్. మా అత్తగారు మంచంలో ఉన్నన్నాళ్ళూ ఈవిడకి ఆ గదిలోకి రావడానికి తీరిక చిక్కలేదు. పోయిన రోజు మాత్రం ఏడవడానికి అందరికంటే ముందొచ్చి కూర్చుంది."

బాయిలరువాడు చప్పట్లు మొదలుపెట్టాడు. అంత గట్టి చప్పట్లు ఆ వారంలో ఎవరికీ పడలేదు. చిన్నకోడలి మెడ ఎర్రబడింది. మేనేజరు, "చూశారా, నోరు విప్పితే ఎంత బాగుంటుందో," అన్నాడు. పెద్దకోడలిని రోలరు మూతి దగ్గరికి పంపాడు.

మర్నాడు చిన్నకోడలు ఏం బదులిస్తుందో వినాలని అందరూ వేళకి వచ్చారు. వ్యాను డ్రైవరు మొదటి ట్రిప్పు ఆపుకుని మరీ వచ్చాడు. మానేద్దామనుకుంటున్న ఒకావిడ, ఇది తేలేదాకా ఉంటానని పిన్నితో చెప్పింది. వెనక గదిలోవాళ్ళు మూటలు విప్పడం ఆపి వచ్చి ముందు వరసలో నిలబడ్డారు. బస్సు తప్పిపోయినవాళ్ళు నడిచి వచ్చి, వచ్చీ రాగానే "వాళ్ళ వంతు అయిపోయిందా?" అని అడిగారు.

ఇద్దరూ ఎవరినీ నిరాశపరచలేదు. అక్క పొదుపరి అని చిన్నది పొగిడింది, అత్తగారి మందులు కూడా పొదుపు చేసిందని. చెల్లెలిది పెద్ద మనసని పెద్దది పొగిడింది, అత్తగారు కట్టుకున్న చీరలు వేరేవాళ్ళకి బరువు కాకూడదని మొత్తం తనే మోసుకుపోయిందని. పేరుకి రోజుకో మంచి మాటే. రోజుకో గాయం. ఆ తర్వాత ఇద్దరూ వెళ్ళి ఒకే దుప్పటికి చెరో మూల పట్టుకునేవాళ్ళు. దుప్పటి ఎప్పటిలాగే తిన్నగా పోయేది.

పెద్దకోడలు సాయంత్రం గిన్నెలు తోముతూ మర్నాటి మాట సిద్ధం చేసుకునేది. చెంబు తోమడం ఆపి, ఒకటి రెండుసార్లు పెదాలు కదిపి చూసుకునేది. మొదట్లో ఇష్టం లేకుండానే మొదలుపెట్టింది. తర్వాత అలా చెప్పలేం.

మేనేజరు ఆలస్యాలు ఆగిపోయాయని హెడ్డాఫీసుకి రాశాడు. గుండ్రం ఫొటో తీసి పంపాడు. మిగతా లాండ్రీల్లో కూడా ఈ పద్ధతి పెడదామని అక్కణ్ణుంచి జవాబు వచ్చింది. ఆ జవాబు అందరికీ చదివి వినిపించాడు. దానికి కూడా చప్పట్లు కొట్టారు.

"సార్, వీళ్ళు పొగుడుకోవడం లేదు," అంది సూపర్వైజరమ్మ, గదిలో ఇద్దరే ఉన్నప్పుడు.

"నాకు తెలుసు మేడం."

"తెలిసి?"

"జనం వస్తున్నారు. షెడ్డు నడుస్తోంది. మూసేస్తే వాళ్ళిద్దరూ ఇంట్లో కూర్చుని తిట్టుకోవాలి."

సూపర్వైజరమ్మ గది బయటికి నడిచింది. ఆమె ఉద్యోగం కూడా ఆ షెడ్డులోనే ఉంది.

మర్నాడు పొద్దున్న గుండ్రంలో చిన్నకోడలు కాస్త ముందుకు వచ్చి మాట్లాడింది.

"మా అక్కది దయగల చెయ్యి సార్. మా బావగారు రోజూ మధ్యాహ్నం మా వాటాలో మా ఆయనతో కలిసి అన్నం తింటారు, పొద్దున్నే వండి పెట్టి వస్తాను. అక్క కట్టిన డబ్బా వీధి కుక్కకి పోస్తారు. ఆ కుక్క ఎలా బలిసిందో మీరు చూడాలి. అంతా మా అక్క చలవే."

చాలామంది నవ్వారు. నవ్వుతూనే పెద్దకోడలి వైపు చూసి ఆగిపోయారు. ఆమెకి ఆ సంగతి తెలియదని అందరికీ ఒకేసారి అర్థమైంది.

పెద్దకోడలు తన వంతులో, "ఈ రోజు గొంతు బాగాలేదు సార్," అంది. మేనేజరు సరేనన్నాడు.

రోలరు మొదలైంది. దుప్పటి మూలని వేళ్ళకి చుట్టుకోకూడదని మెషిన్ దగ్గర బోర్డు ఉంది. బిగువు బాగా వస్తుందని చిన్నకోడలు ఎప్పుడూ చుట్టుకునేది. ఆ సంగతి పెద్దకోడలికి తెలుసు. దుప్పటి అంచు బెల్టుకి అందింది. ఇద్దరూ వదలాల్సిన క్షణం కంటే ముందు పెద్దకోడలు తన మూల వదిలేసింది. దుప్పటి ఒక పక్కకి గుంజుకుంది. చిన్నకోడలి చెయ్యి దాంతోపాటు రోలరు వైపు పోయింది. మూతికి అడ్డంగా ఎర్ర కడ్డీ ఉంటుంది, దేనికి తగిలినా మెషిన్ ఆగేలా. ఆమె మణికట్టు దానికి కొట్టుకుంది. రోలరు ఆగింది. వేడి మాత్రం ముఖానికి తగులుతూనే ఉంది.

షెడ్డులో మోత లేకపోయేసరికి అందరూ తిరిగి చూశారు. చిన్నకోడలు వేళ్ళకి చుట్టుకున్న గుడ్డ విప్పుకుంది. మణికట్టు మీద చారిక పడింది గాని చర్మం లేవలేదు.

మేనేజరు పరుగున వచ్చాడు.

"ఎలా జరిగింది? కడ్డీ ఊరికే తగలదు. ఎవరైనా వదిలేశారా? చూసింది చూసినట్టు చెప్పాలి. వదిలినవాళ్ళు మెషిన్ మీద ఉండరు. అబద్ధం చెప్పి వాళ్ళని కాపాడినవాళ్ళూ ఉండరు."

పెద్దకోడలు నోరు తెరిచింది. అంతలో చిన్నకోడలు అంది, "ఎవరూ వదల్లేదు సార్. తడి సరిగ్గా పిండలేదు. మూల దానంతట అదే జారింది."

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సరే," అని పిండే మెషిన్ దగ్గరివాళ్ళని కేకలేయడానికి వెళ్ళాడు.

సూపర్వైజరమ్మ చిన్నకోడలి చేతికి చల్లనీళ్ళ గుడ్డ కడుతూ గొంతు తగ్గించి అడిగింది. "ఆవిడ వదిలింది. నేను చూశాను. ఎందుకు కాపాడావు?"

చిన్నకోడలు గొంతు తగ్గించలేదు. కొళాయి దగ్గర నిలబడ్డ పెద్దకోడలికి వినపడేలాగే చెప్పింది.

"కాపాడ్డమా? ఆవిడని వెనక గదిలోకి పంపితే చేతులు పగిలి, ఉద్యోగం మానేసి, రోజంతా మా గుమ్మానికి ఎదురుగా కూర్చుంటుంది. నాకక్కర్లేదు ఆ దర్శనం. ఇక్కడే ఉండనివ్వండి. నా నోటి మాట మీద ఉండనివ్వండి. ఇక చూడండి, ఎంత అణిగిమణిగి ఉంటుందో."

పెద్దకోడలు కొళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుని రోలరు దగ్గరికి వచ్చింది. సాయంత్రం దాకా ఇద్దరూ పనిచేశారు. దుప్పటి బిగించినప్పుడల్లా చిన్నకోడలు ఆమె వైపు చూసి కనుబొమ్మలు ఎత్తేది, ఇంకోసారి వదులుతావా అన్నట్టు. "పిన్నీ, మా అక్కని జాగ్రత్తగా పట్టుకోమను, ప్రతిసారీ నేను అడ్డుపడలేను," అని రెండు మూడుసార్లు అంది. ఆ మాట మాత్రం పిన్ని అందించలేదు.

ఆ రాత్రి పెద్దకోడలు భర్తని ఏమీ అడగలేదు. మర్నాడు డబ్బా సర్దలేదు.

పొద్దున్న గుండ్రం ఎప్పుడూ లేనంత పెద్దదైంది. సెలవు పెట్టినవాళ్ళు కూడా వచ్చారు. చిన్నకోడలు మణికట్టుకి గుడ్డ కట్టుకుని, తీరిగ్గా నిలబడింది. తన వంతులో ఒకే ముక్క చెప్పింది. "మా అక్కకి నేనంటే ఎంత నమ్మకమో నిన్న తెలిసింది సార్." అది అర్థమైనవాళ్ళు నవ్వారు, కానివాళ్ళు పక్కవాళ్ళని అడిగారు.

పెద్దకోడలి వంతు వచ్చింది. ఈసారి ఆమె మేనేజరు వైపు కాకుండా చిన్నకోడలి వైపు తిరిగి చెప్పింది.

"నిన్న ఈవిడ నా ఉద్యోగం నిలబెట్టింది."

అందరూ రెండో ముక్క కోసం ఆగారు. ఎప్పుడూ చురక రెండో ముక్కలోనే ఉంటుంది. అది రాలేదు. పిన్ని అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టింది. ఇంకో ఇద్దరు ముగ్గురు కలిశారు.

"నిలబెట్టిందా? ఎలా?" అన్నాడు మేనేజరు.

"అక్కా," అంది చిన్నకోడలు, పెదాలు కదిలీ కదలకుండా. "చాల్లే."

"దుప్పటి మూల జారలేదు సార్. నేనే వదిలాను. ఈవిడ చెయ్యి రోలరు మీదికి పోవాలనే వదిలాను. అది తెలిసి కూడా, మూల దానంతట అదే జారిందని ఈవిడ మీకు చెప్పింది. నా కోసం అబద్ధం చెప్పింది. ఇంతకంటే మంచి మాట నాకు తెలియదు."

చప్పట్లు ఆగిపోయాయి. ఈసారి చిన్నకోడలి మెడ ఎర్రబడలేదు, ముఖం మొత్తం తెల్లబడింది. ఆమె మేనేజరు వైపు చూసింది, తర్వాత సూపర్వైజరమ్మ వైపు. సూపర్వైజరమ్మ తన చెప్పుల వైపు చూసుకుంది.

మేనేజరు నిన్న అందరి ముందూ అన్న మాట అందరికీ గుర్తుంది. జనం అతని నోటి వైపే చూస్తున్నారు.

"మేడం," అన్నాడు సూపర్వైజరమ్మతో. "రోలరు మీదికి వేరే ఇద్దరిని పంపండి. వీళ్ళిద్దరూ వెనక గదిలోకి."

"సార్, నేనేం చేశాను?" అంది చిన్నకోడలు. "చెయ్యి నాది సార్, దెబ్బ నాకు తగిలింది."

"అబద్ధం చెప్పారు."

బాయిలరువాడు వాల్వు చూసుకోవాలని జరిగాడు. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే పక్కకి తప్పుకున్నారు. పెద్దకోడలు రోలరు దగ్గరికి వెళ్ళి, మేకుకి వేలాడుతున్న తన ఏప్రన్ తీసుకుని వెనక గది వైపు నడిచింది. తలుపు దగ్గర రబ్బరు తొడుగులు ఒక డబ్బాలో ఉన్నాయి. ఒక జత తీసి, ఊది, చిల్లులు ఉన్నాయేమో చూసింది. ఉన్నాయి. ఇంకో జత తీసింది.

చిన్నకోడలు వెనకే వచ్చింది. ఆమె ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"నీ చేతులు పాడవుతాయని కూడా చూసుకోలేదు. నా మీద ఇంత పగా నీకు?"

పెద్దకోడలు తొడుగుల్లోకి వేళ్ళు దూర్చింది. మొదటి మూట ముడి విప్పింది.

"మంచి మాట చెప్పమన్నారు," అంది. "చెప్పాను."